పరీక్ష రాసొచ్చాను, నాది కాదు

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ గడ్డం,

తిట్టకు. నీ ఉత్తరం వచ్చి నెల దాటిందని నాకూ తెలుసు. జవాబు మొదలుపెట్టిన కాగితాలు కెమిస్ట్రీ రికార్డు మధ్యలో ఇంకా అలాగే ఉన్నాయి, కావాలంటే సాక్ష్యంగా పంపిస్తాను. అసలు మీ కోచింగోళ్ళు ఫోన్లు లాక్కోకపోతే ఈ గొడవే లేదు కదా. సరే, క్షమించేశావనుకుని ముందుకెళ్తున్నా.

ఇక్కడ అందరూ బాగున్నారు. నాన్నకి ఈ వారం బి షిఫ్టు, అందుకే ఇల్లు ప్రశాంతంగా ఉంది. చెల్లి టెన్త్ అయిపోయి రోజంతా పడుకునే ఉంటోంది. మన కిట్టుగాడు బండి కొన్నాడు, పడ్డాడు, బాగానే ఉన్నాడు. మాడుగుల హల్వా మీ అమ్మకి ఇచ్చేశాను, రేపు మధ్యాహ్నం రత్నాచల్‌లో నీ దగ్గరికి వస్తోంది. డబ్బా కొంచెం తేలిగ్గా అనిపిస్తే కారణం చెల్లి. వార్తలు సమాప్తం.

ఇప్పుడు అసలు విషయం. మొన్న శుక్రవారం నేను హిస్టరీ పరీక్ష రాశాను. బీఎస్సీ వాడికి హిస్టరీ ఏటిరా అంటావు. ఆగు, చెప్తాను.

ఎన్.ఎస్.ఎస్.లో, అదే కాలేజీల్లో ఉండే జాతీయ సేవా పథకంలో, చేరానని రాశాను కదా. రాయలేదా? చేరాను. రెండేళ్ళలో 240 గంటలు సేవ చెయ్యాలి, మధ్యలో ఒక పల్లెటూళ్ళో వారం రోజుల క్యాంపు ఉంటుంది, అప్పుడు సర్టిఫికెట్ ఇస్తారు. 1969లో గాంధీ శతజయంతి ఏడాది పెట్టిన పథకం. నినాదం 'నేను కాదు, నువ్వు'. దాన్ని మావాళ్ళు ఎలా వాడతారంటే, చీపురు పట్టే టైముకి ఒకడినొకడు చూసుకుని "నేను కాదు, నువ్వు" అంటారు. ఆదివారాలు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా చెత్త ఏరడం మా పని. సగం మంది బ్యానర్ పట్టుకుని ఫొటో దిగేదాకే ఉంటారు. నాకైతే కోపం రాదు. ఫొటో కోసం వచ్చినవాడు కూడా వంగి నాలుగు సీసాలు తీస్తాడు, సముద్రానికి వాడి ఉద్దేశంతో పనేముంది.

గురువారం రాత్రి మా గ్రూపులో మేడమ్ మెసేజ్ పెట్టింది. "రేపు మధ్యాహ్నం స్క్రైబ్ కావాలి. చాలా అర్జెంట్. ఫస్టియర్ వాళ్ళు మాత్రమే." చూపు లేని ఒకాయన బీఏ ఆఖరి ఏడాది పరీక్షలు రాస్తున్నాడు, ఆయన చెప్తుంటే మనం రాయాలి. పరీక్ష ఇచ్చేవాడికన్నా రాసేవాడి చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలి, ఆ సబ్జెక్టు వాడు కాకూడదు, అందుకని మా మీద పడ్డారు. మెసేజ్ అందరూ చూశారు, నీలం టిక్కులు పడ్డాయి, ఒక్కడూ కిక్కురుమనలేదు. బీచ్‌కి ఎగబడి వచ్చే బ్యాచ్ అంతా మాయం. వాళ్ళనీ అనలేంలే, అందరికీ అదే సీజన్లో పరీక్షలు. చూపు లేనివాళ్ళకి రాసేవాడు దొరకని రోజులు కూడా సరిగ్గా అవే. ఒప్పుకున్నవాడు కూడా ముందురోజు రాత్రి ఏదో పని పడి రాలేనంటాడట. ఈయనకి అదే జరిగింది.

నాకు శుక్రవారం ఖాళీ. నేను వస్తానన్నాను. పుణ్యం కోసం ఏం కాదు, నాలుగు గంటలు డైరీలో పడతాయి కదా అని. నా సంగతి నీకు తెలీదా.

సెంటర్ మద్దిలపాలెం దాటాక. నేను వెళ్ళేసరికి ఆయన గేటు దగ్గర తెల్ల కర్ర మడిచి చంకలో పెట్టుకుని, చెవి దగ్గర ఫోను ఆనించి నోట్సు వింటున్నాడు. ఆ ఫోను చదివే వేగం వింటే నీకు పిచ్చెక్కుతుంది. తెలుగే, కానీ ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. "ఇంత స్పీడుగా ఎలా అన్నా" అంటే, "నెమ్మదిగా పెడితే నిద్రొస్తది తమ్ముడూ" అన్నాడు. పేరు రాయనులే. నీ గురించి మా ఫ్రెండుకి రాస్తానంటే "రాసుకో, పేరు మాత్రం వద్దు" అన్నాడు. అన్న అనే అంటాను.

మమ్మల్ని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. మా ఇద్దరికీ ఒక ఇన్విజిలేటర్. నేను రాసేవాణ్ణే తప్ప చెప్పేవాణ్ణి కాదని ఒక ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. పేపర్ టైము మూడు గంటలు, స్క్రైబ్‌తో రాసేవాళ్ళకి గంటకి ఇరవై నిమిషాల చొప్పున ఇంకో గంట. రెండింటికి కూర్చుంటే ఆరింటిదాకా. ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం లేదు.

ముందు ప్రశ్నలన్నీ చదివి వినిపించాను. "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ చదివాను. అప్పుడు సంచిలోంచి ఒక పలకా సూదీ తీశాడు. సూదంటే మొన తిరిగిన చిన్న మేకుకి చెక్క పిడి పెట్టినట్టుంటుంది. పలకలో మందం కాగితం బిగించి కుడి నుంచి ఎడమకి టిక్ టిక్ టిక్ మని గుచ్చుకుంటూ పోయాడు. కాగితం తిప్పితే చుక్కలు పైకి తేలి ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. అంటే రాసేది అద్దంలో బొమ్మ లాగ తిరగేసి రాయాలి! ఏ ప్రశ్నకి ఏ పాయింట్లో అన్నీ అలా గుచ్చి పెట్టుకున్నాడు. తర్వాత బయట చెప్పాడు, ఆరే చుక్కలు, వాటి కూర్పులతోనే అన్ని అక్షరాలూ. తెలుగు 'క'కి, హిందీ 'క'కి, ఇంగ్లీషు 'కె'కి ఒకటే గుర్తట. లూయీ బ్రెయిల్‌కి చిన్నప్పుడు చూపు పోయింది వాళ్ళ నాన్న తోలు కుట్టే పనిముట్టు కంట్లో గుచ్చుకునే, తర్వాత అలాంటి మొనతోనే ఈ రాత కనిపెట్టాడు. ఇదంతా ఆ చుక్కల మీద నా వేలు పెట్టించి చెప్పాడు. నాకు ఒక్క అక్షరం తెలియలేదు, అంతా ఇసుక కాగితంలా ఉంది.

సరే, పరీక్ష. అన్న చెప్పడం ఎలా ఉంటుందంటే కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా చెప్తాడు. "కొత్త పేరా. నాలుగు వేళ్ళు వదులు." నేను పేజీ తిప్పిన చప్పుడు బట్టి ఎన్నో పేజీలో ఉన్నామో లెక్క. ఒకచోట "వెనక పేజీలో రెండో పేరా ఆఖరి లైన్లో 'అందువల్ల' అన్నాను, అది 'అయినప్పటికీ' చెయ్యి" అన్నాడు. తిప్పి చూస్తే అక్కడే ఉంది. మన లెక్చరర్లకి వాళ్ళు బోర్డు మీద రాసిందే గుర్తుండదు.

ఇప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువు. మూడో ప్రశ్న ఏంటో తెలుసా? మన్యం తిరుగుబాటు!

నాకు నవ్వాగలేదు. ఇన్విజిలేటర్ అనుమానంగా చూసింది. మన స్కూలు నాటకంలో నువ్వు అల్లూరి సీతారామరాజు వేషంలో విల్లు పట్టుకుని, కొబ్బరి పీచు గడ్డం మైదా జిగురుతో అంటించుకుని, సరిగ్గా ప్రాణం పోయే సీన్లో గడ్డం ఊడి గుండెల మీద పడి, నువ్వు దాన్ని పట్టుకునే నేలకొరిగి... ముందు వరసలో హెడ్‌మాస్టారు కళ్ళు తుడుచుకున్నది ఏడ్చో నవ్వో ఇప్పటికీ తేలలేదు. తెర వెనక మైకు ముందు గొంతు బొంగురు పెట్టి "అది 1924 మే 7. కొయ్యూరు." అన్నది ఎవర్రా? నేనే కదా! నా పుట్టినరోజు మర్చిపోతానేమో గానీ ఆ తేదీ మర్చిపోతానా.

అన్న మొదలుపెట్టాడు. 1882 మద్రాసు అటవీ చట్టం, పోడు వ్యవసాయం మీద ఆంక్షలు, కామా, రోడ్డు పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దౌర్జన్యాలు, ఫుల్‌స్టాప్. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కోవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోవడం. టకటకా చెప్తున్నాడు, నేను పరుగులు. మన నాటకంలో ఇందులో సగం లేవు తెలుసా, అంతా డైలాగులే.

చివరికొచ్చాడు. "1923 మే 7న, కామా, కొయ్యూరు దగ్గర..."

నా పెన్ను ఆగిపోయింది.

ఒరేయ్, నాలిక చివరిదాకా వచ్చింది. మైకు ఇస్తే అదే బొంగురు గొంతుతో అరిచేవాణ్ణి. కానీ సంతకం పెట్టాను కదా. ఒక్క సెకనో రెండో. 1923 అని రాశాను. రాస్తుంటే మూడంకె నా చేతికి మోయలేని బరువైపోయింది. అన్న ఆపకుండా తర్వాత వాక్యంలోకి వెళ్ళిపోయాడు.

ఆఖరి గంటలో మొత్తం చదివి వినిపించమన్నాడు. నాకు మళ్ళీ టెన్షన్. అక్కడికొచ్చేసరికి గొంతు మారితే? ఒత్తి పలికితే చెప్పినట్టే కదా, మింగేస్తే మోసం చేసినట్టే. ఆ లైను రాకముందు నుంచే వార్తలు చదివే మనిషిలా చదవడం మొదలెట్టాను. పంతొమ్మిది వందల ఇరవై మూడు మే ఏడు. అన్న మొహంలో ఏమీ లేదు. "ఊఁ, తర్వాత" అన్నాడు. అంతే. పేపరు కట్టి ఇచ్చేశాం.

బయటికొచ్చి బండి దగ్గర టీ తాగుతున్నాం. నేను మాట్లాడట్లేదు. అన్నే అన్నాడు, "కొయ్యూరు దగ్గర నీ పెన్ను ఆగింది కదా" అని.

చేతిలో టీ ఒలికింది. నిజంగా.

"అప్పుడే నాకూ తట్టింది, 1924 అని" అన్నాడు. "మరి మార్చమని చెప్పొచ్చు కదా అన్నా!" అని దాదాపు అరిచాను. టీ బండాయన ఇటు తిరిగాడు. అన్న నెమ్మదిగా ఊదుకుంటూ ఏమన్నాడంటే, "నీ పెన్ను ఆగకపోతే మార్చేవాణ్ణి. ఆగాక తట్టింది. అది నాకు తట్టిందో నువ్వు తట్టించావో నాకే తెలీలేదు. అందుకని వదిలేశాను."

హరిశ్చంద్రుడి వేషం వేస్తున్నాడనుకోకు, నేనూ మొదట అలాగే అనుకుని ఒళ్ళు మండింది. గట్టిగానే వాదించాను. ఒక మార్కు పోతే పోనీ అనడానికి నీదేమైనా జమీందారీనా అన్నాను, అంత చనువు ఎలా వచ్చిందో తెలీదు. అప్పుడు చెప్పాడు. ఇంటర్లో మంచి మార్కులొస్తే వీధిలో ఒకాయన ఇంటికొచ్చి స్వీటు తిని, "ఇంతకీ రాసిన పిల్ల బాగా చదువుతుందా?" అని అడిగాడట. వాళ్ళమ్మ ముందే. అన్న అది నవ్వుతూనే చెప్పాడు. "అప్పట్నుంచి నా మార్కులు నేను లెక్కపెట్టుకుంటా తమ్ముడూ. ఎన్ని నావో నాకు తెలియాలి."

నాకు మాట రాలేదు. టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు, ఇవ్వనివ్వలేదు నన్ను.

బస్సులో అంతా ఇదే ఆలోచన. నోరు తెరవలేదు, సైగ చెయ్యలేదు, ఫారంలో రాసిన ఏ రూలూ తప్పలేదు. అయినా పెన్ను ఆగడం కూడా చెప్పడమేనా? ఆయన మరీ ఎక్కువ ఆలోచిస్తున్నాడని ఇప్పటికీ అనిపిస్తోంది. చూపున్నవాడైతే హాల్లో పక్కవాడి దగ్గు వినగానే తేదీ గుర్తొస్తే రాసేసుకుని ఇంటికెళ్ళి పడుకుంటాడు. నువ్వూ నేనూ అయితే... సరే, టెన్త్ సోషల్ పేపరు సంగతి ఇక్కడ ఎందుకులే. మీ అమ్మ చదివే ప్రమాదం ఉంది.

మేడమ్ నా డైరీలో '4 గంటలు' అని రాసి సంతకం పెట్టింది. బీచ్‌లో ఫొటో దిగినవాడికీ అదే పెన్ను, అదే సంతకం. దాని గురించి ఇంకా ఏదో రాద్దామనుకున్నాను, పోయింది.

(సోమవారం పొద్దున్న. నిన్న కరెంటు పోయింది.)

ముఖ్యమైనది మర్చిపోయాను. గురువారం అన్నకి పొలిటికల్ సైన్స్ ఉంది, మళ్ళీ నన్నే రమ్మన్నాడు. "వస్తే రా, కానీ ఈసారి పెన్ను ఆపకు" అన్నాడు. ఆగకుండా ఎలా రాస్తాను? తప్పు వినపడితే చెయ్యి దానంతటదే ఆగుతుంది. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. అన్నీ కరెక్టుగా చెప్తున్నప్పుడు కూడా అక్కడక్కడా ఊరికే ఆపుతాను. పేజీ తిప్పే ముందు ఒకసారి, రాజ్యాంగం అన్నచోట ఒకసారి, ఏమీ లేనిచోట ఒకసారి. అప్పుడు నిజంగా ఆగినా దానికి అర్థం ఉండదు కదా! చెల్లితో డిక్టేషన్ చెప్పించుకుని ప్రాక్టీసు చేస్తున్నా. అది చెప్పే తప్పులకి అయితే పెన్ను అసలు కదలట్లేదు, అది వేరే సంగతి. ఒకటే అనుమానం, ఆయన చెవికి దొంగ ఆగడం, నిజం ఆగడం తేడా తెలిసిపోతుందేమో. నువ్వేమంటావో వెంటనే రా

మీ అమ్మ ఆటోలో వచ్చి కింద హారన్ కొట్టిస్తోంది. ఉంటానురా.

నీ
మైకుగాడు