విద్యాశాఖ మంత్రిగారికి: ఆరేళ్ళలోపు పిల్లల బొమ్మలకి బహుమతులు ఆపించండి

మంత్రిగారూ, నమస్కారం.

నేను నర్సరీ పిల్లల టీచర్ని. పిల్లల్లో సృజనాత్మకత పెంచాలని పైనుంచి సర్క్యులర్ వస్తుంది. మంచి మాటే, కానీ అది బడికి చేరేసరికి డ్రాయింగ్ పోటీ అయిపోతోంది.

పోటీ అంటే ఎలా ఉంటుందో చెప్తాను. అచ్చువేసిన ఏనుగు బొమ్మ అందరికీ ఒకటే ఇస్తారు, గీత దాటకుండా రంగు వెయ్యమంటారు, ఊదారంగు వేస్తున్నవాడి చేతిలోంచి క్రేయాన్ లాక్కుని బూడిదరంగుది పెడతారు. చివరికి గోడకి అంటించిన ఏనుగులన్నీ ఒకేలా ఉంటాయి, వెనక పేరు చూస్తే గానీ ఏది ఎవరిదో తెలియదు.

అదే తెల్లకాగితం ఇచ్చి వదిలేసి చూడండి. మూడు, నాలుగేళ్ళ పిల్ల ఒక సున్నా చుట్టి, నేరుగా దానికే రెండు కాళ్ళు తగిలిస్తుంది. మెడ ఉండదు, పొట్ట ఉండదు. చాలామంది పిల్లలు ఎవరూ నేర్పకుండానే మొదట్లో మనిషిని ఇలాగే గీస్తారు. "ఇదేంటి, పొట్టేది?" అనకుండా "దీని గురించి చెప్పమ్మా" అంటే, "అమ్మ పరిగెడుతోంది, అందుకే కాళ్ళు పొడుగు" అంటుంది. అంటే ఊరికే గియ్యలేదు, ఆలోచించుకునే గీసింది. ఆ చెయ్యి పట్టుకుని పొట్ట దిద్దించామా, మర్నాటినుంచి "టీచర్, మీరే గియ్యండి" అని కాగితం మనవైపు తోసేస్తుంది. ఇది నేను ఎంతమందిలో చూశానో! చూసిన ప్రతిసారీ బాధే.

ఇక బహుమతులు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. స్కెచ్ పెన్నులంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, మిగతావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత క్లాసులో అవే పెన్నులు పెట్టి, ఎవరి ఇష్టం వాళ్ళదని వదిలేస్తే, ముందు ఆశ పెట్టినవాళ్ళు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సేపే వాటిని ముట్టుకున్నారు. ఉన్న ఇష్టాన్ని మనమే తగ్గించుకుంటున్నాం మంత్రిగారూ.

తల్లిదండ్రులకి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలని బడులవాళ్ళకి టెన్షన్ ఉంటుంది, అది నాకూ తెలుసు. అందుకే మా అంతట మేం ఆపలేం, మీ ఆర్డర్ కావాలి. ఆటలో, కళల్లో పాల్గొనడం పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలోనే ఉంది కాబట్టి మీరు కొత్తగా వాదించాల్సిందీ లేదు.

ఆరేళ్ళు నిండేదాకా బొమ్మలకి పోటీలు, మార్కులు, ర్యాంకులు వద్దని ఒక్క ఆర్డర్ ఇవ్వండి. రోజూ ఒక గంట టైమ్‌టేబుల్లో ఖాళీగా ఉంచమనండి. ఆ గంటలో ఖాళీ అట్టపెట్టెలు, గుడ్డముక్కలు, బంకమట్టి, నీళ్ళు పిల్లల ముందుంటే చాలు (నోట్లో పెట్టుకుని మింగేంత చిన్నవి మాత్రం వద్దు), ఏం చెయ్యాలో టీచర్ చెప్పకూడదు. తనిఖీకి వచ్చే అధికారులు కూడా ఫైళ్ళూ ఫొటోలూ అడగడం మాని, ఆ గంట పిల్లల పక్కన కింద కూర్చుని చూడాలని ఆ ఆర్డర్లోనే రాయండి. వీలైతే మొదటి తనిఖీకి మీరే రండి.

ఇట్లు,
ఒక నర్సరీ టీచర్