హెల్మెట్ సైజు అంటే చుట్టుకొలత ఒక్కటేనా?

ఎడిటర్ గారికి నమస్కారమండి. నేను స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మోకాళ్ల నొప్పికి సైకిల్ తొక్కమని డాక్టర్ గారు చెప్పినప్పట్నించి పొద్దున్నే బీచ్ రోడ్డు మీదే ఉంటున్నాను, ఓపికున్న రోజు రుషికొండ దాకా వెళ్తాను. ఈ ఉత్తరం సైకిల్ హెల్మెట్ గురించి. నాలాగ ఇబ్బంది పడేవాళ్లు మన వైజాగ్‌లో ఇంకా ఉండే ఉంటారని రాస్తున్నాను.

నా తల వెనక భాగం చదునుగా ఉంటుంది, చెవుల పైన మాత్రం వెడల్పు. చిన్నప్పుడు ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టేశారంట, మా అమ్మకి అదొక బాధ ఉండేది, అందుకే నా తమ్ముడికి తల కింద పాత చీర చుట్టలా చుట్టి పెట్టి, స్నానం పోసినప్పుడల్లా నూనె రాసి తల గుండ్రంగా ఒత్తేది. సరే, క్రాపు చేయించుకోడానికో టోపీ పెట్టుకోడానికో ఇన్నేళ్లు ఈ తలతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. ప్లాంట్‌లో సేఫ్టీ హెల్మెట్ కూడా హాయిగా ఉండేది. ఎందుకంటే అందులో తలకి తగిలేది లోపల వేలాడే పట్టీలే, పైన డొప్పకీ తలకీ మధ్య ఖాళీ ఉంటుంది, పట్టీలు ఎవరి తలకి తగ్గట్టు వాళ్లకి ఒదిగిపోతాయి. సైకిల్ హెల్మెట్ అలా కాదు. అందులో థర్మాకోల్ దిమ్మే నేరుగా తల మీద కూర్చుంటుంది, దాని ఆకారం ఏదైతే అదే, మన తల దానికి సరిపోవాలి.

షాపులో టేపు పెట్టి చుట్టూ కొలిచారు, 56 సెంటీమీటర్లు. వాళ్ల దగ్గరున్న మోడల్లో మీడియం అంటే 55 నుంచి 59, సరిగ్గా మీ సైజే అన్నారు. పెట్టుకుంటే కణతల దగ్గర పట్టకారుతో పట్టుకున్నట్టు ఉంది, ముందూ వెనకా మాత్రం వేలు దూరేంత ఖాళీ. వాడితే సెట్ అయిపోతుందండీ అన్నాడు కుర్రాడు. థర్మాకోల్ ఎక్కడైనా సెట్ అవుతుందా, చెప్పండి. ఇరవై నిమిషాలు తొక్కేసరికి తలనొప్పి మొదలు. మళ్లీ వెళ్తే లార్జ్ ఇచ్చి వెనక డయల్ బిగించుకోమన్నారు, నేనూ ఒప్పేసుకున్నాను, అది నా తప్పే.

ఆ డయల్ తిప్పితే బిగిసేది లోపల ఉన్న ప్లాస్టిక్ పట్టీ ఒక్కటే, దిమ్మ ఆకారం ఏమీ మారదు. జోడుగుళ్లపాలెం దగ్గర రోడ్డు మీద ఇసక ఉంటే ముందు చక్రం జారి పడ్డాను. తల నేలకి తగిలే లోపే ఆ హెల్మెట్ వెనక్కి జారిపోయింది, నుదురు నేరుగా తారుకి గీసుకుంది, నాలుగు కుట్లు. దవడ కింద పట్టీ పెట్టుకునే ఉన్నాను, పెట్టుకోలేదేమో అనుకుంటారని చెప్తున్నాను.

అప్పుడు ఇంట్లో పాత అవుట్‌సైడ్ కాలిపర్, అంటే రెండు వంకర కాళ్ల మధ్య వస్తువుని పట్టి బయటి కొలత తీసే పనిముట్టు, తీసి కొలుచుకున్నాను. నా తల ముందు నుంచి వెనక్కి 18.5 సెంటీమీటర్లు, అడ్డంగా 17. నాతో తొక్కే ఆయనకి కూడా చుట్టుకొలత 56, ఆయనది మాత్రం పొడవు 20, వెడల్పు 15.5. టేపు దగ్గర ఇద్దరం ఒకటే, ఆయనకి ఆ మీడియం చేతికి తొడుగు వేసినట్టు కూర్చుంటుంది, నాకు కూర్చోదు. అసలు సంగతంతా ఇదేనండి. డబ్బా మీద చుట్టుకొలత ఒక్కటే రాస్తే సగం కొలతే చెప్పినట్టు. చొక్కాకి ఛాతీ కొలిచి భుజం కొలవకుండా కుట్టే టైలర్ ఉంటాడా?

సైకిల్ హెల్మెట్లకి యూరప్ వాళ్లు పెట్టిన స్టాండర్డ్ ఈఎన్ 1078 అని స్టిక్కర్ ఉంది కదా అంటారు. ఆ టెస్టులో హెల్మెట్‌ని మీటరున్నర ఎత్తు నుంచి పడేసినంత వేగంతో ఇనప దిమ్మకి కొడతారు, మంచిదే, కానీ అప్పుడు లోపల ఉండేది డమ్మీ తల, నా తల కాదు. హాంగ్‌కాంగ్ పాలిటెక్నిక్ యూనివర్సిటీ వాళ్లు చైనా వాళ్ల తలలు స్కాన్ చేసి, యూరప్ అమెరికా తెల్లవాళ్ల తలలతో పోల్చి 2010లో పేపర్ వేశారు, చైనా తలలు ఇంకా గుండ్రంగా, నుదురూ వెనక భాగమూ చదునుగా ఉన్నాయని తేలింది. అది చదివాక తేడా నాలో కాదు, అచ్చులో ఉందని అర్థమైంది. అందుకే కొన్ని కంపెనీలు ఏషియన్ ఫిట్ అని వేరే చేస్తాయి, పక్కలకి వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. మా అబ్బాయి ఫ్రెండ్ జపాన్ నుంచి వస్తూ కబూటో కంపెనీది ఒకటి తెచ్చాడు, పట్టీలు పెట్టకుండానే తల ఊపితే కదల్లేదు, గంటన్నర తొక్కినా కణత నొప్పి లేదు. కానీ అందరికీ జపాన్‌లో ఫ్రెండ్స్ ఉండరు కదండీ.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. ఒక షాపాయన బ్లేడుతో పక్కల థర్మాకోల్ కాస్త గీకేస్తే సరిపోతుందన్నాడు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. దెబ్బ తగిలినప్పుడు నలిగి ఆ దెబ్బని తాగేది ఆ మందమే, గీకితే అక్కడ కాపలా పోయినట్టే. లోపలి స్పాంజి మెత్తలు పల్చనివి మార్చుకోవచ్చు, అంతవరకే. ఒకసారి గట్టిగా పడ్డ హెల్మెట్ కూడా మళ్లీ వాడకండి, పైకి బాగానే కనిపించినా లోపల నలిగిపోయి ఉంటుంది. నాది నేనే విరగ్గొట్టి పారేశాను, ఎవరూ ఏరుకుని పెట్టుకోకూడదని.

కాలిపర్ లేనివాళ్లు రెండు లావు పుస్తకాలు చెవుల పైన అటూ ఇటూ ఆనించి మధ్య దూరం స్కేలుతో ఇంకొకరితో కొలిపించుకోండి, నుదుటికీ వెనక్కీ కూడా అలాగే. అప్పుడు షాపుకెళ్లండి. షాపుల వాళ్లకి నా మనవి ఏంటంటే, ప్రతి మోడల్లో అరడజను రంగులు పెట్టే బదులు రెండు ఆకారాలు పెట్టండి, సీలు తియ్యం అనకుండా పది నిమిషాలు తలకి పెట్టుకుని చూడనివ్వండి. బైకు వాళ్లని పోలీసులు ఆపుతారు కాబట్టి ఆ హెల్మెట్లు వీధికో షాపులో దొరుకుతున్నాయి, సైకిల్ వాళ్లని ఎవరూ ఆపరు కాబట్టి మా గురించి ఎవరికీ పట్టట్లేదు.

మా మనవరాలికి పదకొండేళ్లు, దానిదీ నా తలే. చుట్టుకొలత 53, పొడవు 17.5, వెడల్పు 16. సెలవుల్లో నాతో బీచ్ రోడ్డుకి వస్తానంటోంది, హెల్మెట్ దొరికే దాకా తీసుకెళ్లనని చెప్పాను. ద్వారకానగర్, డాబాగార్డెన్స్, గాజువాక ఎక్కడైనా సరే, ఈ కొలతకి గుండ్రటి ఆకారం ఉన్నది ఎవరి దగ్గరైనా ఉంటే మీ పేపర్ ద్వారా తెలియజేయండి, దాన్ని వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం