టైటానియం బోల్టులు కొనాలా వద్దా అన్నావు కదా

శ్రీకాకుళం

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. అందులో ఉన్నవి మూడే ముక్కలు. రొయ్యల హేచరీలో బోల్టులు మళ్ళీ తుప్పు పట్టి పోయాయి, విశాఖలో షాపువాడు టైటానియం వేసుకోమంటున్నాడు, వేసుకోనా వద్దా? ఇంతే. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది, పిల్ల పరీక్షలు ఎలా రాసింది, ఏటీ లేదు. నేను మాత్రం పొడుగ్గానే రాస్తాను. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చేసి బతుకుతున్నవాణ్ణి బోల్టు గురించి అడిగాక ఓపిగ్గా చదువుకోవాలి మరి.

ముందు జవాబు చెప్పేస్తాను: కొను. కానీ అన్ని చోట్లకీ కాదు. షాపువాడు షెడ్డు రేకులకి, మోటారు బేసుకి, మెట్లకి కూడా లెక్క వేసి ఇచ్చాడన్నావు. అది కొట్టెయ్. అక్కడ బాగా జింకు పట్టించిన ఇనప (జీఐ) బోల్టులు చాలు, పోయినప్పుడు మార్చుకోవచ్చు. ఉప్పునీళ్ళూ క్లోరినూ కలిసి తగిలే జాయింట్లకి మాత్రం డబ్బు పెట్టు.

పోయినవి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే కదా. "స్టెయిన్‌లెస్ అన్నాడు, మోసం చేశాడు" అని షాపువాణ్ణి తిట్టావు. మోసం కాకపోవచ్చు రా. 316లో క్రోమియం వల్ల పైన ఒక సన్నటి పొర ఏర్పడుతుంది, దాన్ని కాపాడేది అదే. ఉప్పులోని క్లోరైడు ఆ పొరని అక్కడక్కడా పొడుస్తుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల గుంట పడుతుంది. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది బోల్టు తల కింద, వాషర్ కింద, థ్రెడ్ల సందుల్లో. అక్కడికి చేరిన నీరు కదలదు, ఆక్సిజన్ అందదు, దాంతో పొర మళ్ళీ కట్టుకోలేకపోతుంది. మామూలు సముద్రపు నీటికే ఇలా అయితే, మీరు నీటిని శుద్ధి చెయ్యడానికి క్లోరిన్ ఇచ్చే బ్లీచింగ్ పౌడర్ కూడా కలుపుతారు. ఆ ట్యాంకు దగ్గర 316 నిలబడాలంటే ఎలా నిలబడుతుంది?

టైటానియానికీ పొరే రక్ష. తేడా ఏటంటే, ఆ పొర చాలా మొండిది. గీత పడినా, చుట్టూ కాస్త ఆక్సిజనో తేమో ఉంటే గాయం మీద చర్మం కట్టినట్టు వెంటనే కట్టేసుకుంటుంది. సముద్రపు నీరు, బ్లీచింగ్ నీళ్ళు, తడి క్లోరిన్ గ్యాసు, ఇవేవీ దాన్ని ఏం చెయ్యలేవు. ఇంకో లాభం కూడా ఉంది, నీకు నాకంటే బాగా తెలుసు: రాగి నీళ్ళలో కరిగితే రొయ్య పిల్లలకి విషం. అందుకే రాగి కలిసిన ఇత్తడి బోల్టుల జోలికి పోలేం. టైటానియంతో ఆ భయం లేదు. మీ హీటర్ కూడా టైటానియందే అయి ఉంటుంది, ఒకసారి చూసుకో.

గ్రేడు ఏది అని అడుగుతాడు. గ్రేడ్ 2 అంటే దాదాపు స్వచ్ఛమైన టైటానియం. గ్రేడ్ 5లో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలుస్తాయి. లాగితే తెగకుండా ఆపుకునే బలం చూస్తే గ్రేడ్ 2కి కనీసం 345 మెగాపాస్కల్స్, గ్రేడ్ 5కి 895. మీ పైపులు పీవీసీ, ఫైబర్‌వి. అంత బలం ఎక్కడ కావాలి? గ్రేడ్ 2 చాలు. పల్లాడియం కలిపిన గ్రేడ్ 7 అని ఇంకోటి చూపిస్తే దండం పెట్టి వచ్చెయ్. 80 డిగ్రీలు దాటిన ఉప్పునీటిలో గ్రేడ్ 2 కూడా సందుల్లో తినుకుపోవచ్చు, అప్పుడు ఆ గ్రేడ్ 7 పనికొస్తుంది. నీ ట్యాంకుల్లో నీళ్ళు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. అంత ఖరీదైనది నీకెందుకు?

ఇప్పుడు అసలు సంగతి, షాపువాడు చెప్పనిది. ఈ బోల్టు తాను తుప్పు పట్టదు గానీ పక్కవాడికి పట్టిస్తుంది. సముద్రపు నీళ్ళలో రెండు లోహాలు అంటుకుని ఉంటే తక్కువజాతి లోహం కరుగుతుంది. వీటిలో టైటానియం పైజాతిది, కాబట్టి అల్యూమినియం బ్రాకెట్‌కి, మామూలు ఇనప ఫ్లాంజికి (పైపులు కలిపే చక్రంలాంటి అంచుకి) టైటానియం బిగిస్తే పోయేది బ్రాకెట్టూ ఫ్లాంజే. పెద్ద ఇనప ఫ్లాంజిలో చిన్న టైటానియం బోల్టు అయితే నష్టం నెమ్మదిగా, అంతటా పరుచుకుని జరుగుతుంది. తిరగేసి, టైటానియం ప్లేటుకి ఇనప బోల్టు వేస్తే ఆ బోల్టు చూస్తుండగానే పోతుంది. ఆ పని ఎప్పుడూ చెయ్యకు. ఇనుముతో కలపక తప్పని చోట నైలాన్ బుష్, నైలాన్ వాషర్లు వేసి రెండిటినీ విడదీయి. ప్లాస్టిక్, ఫైబర్ పైపుల దగ్గర ఈ గొడవే లేదు.

బిగించడం దగ్గర ఇంకా జాగ్రత్త. టైటానియం మీద టైటానియం రాసుకుంటే థ్రెడ్లు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. మా వాళ్ళు "సీజ్ అయింది" అంటారు. సగం బిగిసిన నట్టు ముందుకీ రాదు, వెనక్కీ రాదు, చివరికి కోసెయ్యడమే. అంత ఖరీదు పెట్టి కొన్నదాన్ని గ్రైండర్‌తో కొయ్యడం చూస్తే కడుపు మండుతుంది. కాబట్టి మీ ఫిట్టర్ కుర్రాడి చేతికి ఇంపాక్ట్ గన్ ఇవ్వకు. థ్రెడ్లు శుభ్రంగా తుడిచి, యాంటీ సీజ్ పేస్ట్ రాసి, చేతి పానాతో నెమ్మదిగా తిప్పమను. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఉన్న పేస్ట్ తీసుకో, రాగి పొడి కలిపింది మీ రొయ్యల దగ్గరికి రానివ్వకు. స్టీలు బోల్టుల టార్క్ లెక్కలు, అంటే ఎంత బలంతో తిప్పి బిగించాలనే లెక్కలు, దీనికి వాడొద్దు. అంతే బలంతో లాగితే ఇది స్టీలు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. ప్లాస్టిక్ ఫ్లాంజిల మీద ఆ స్ప్రింగు గుణం మంచిదే, మధ్యలో వేసే గాస్కెట్ కాస్త అణిగినా పట్టు వదలదు.

టైటానియాన్ని ఏదీ తినెయ్యదు అనుకోకు మళ్ళీ. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కొంచెం ఉన్నా తినేస్తుంది. అదెక్కడుంటుంది నా హేచరీలో అంటావు. స్టెయిన్‌లెస్ వెల్డింగు తెల్లగా చెయ్యడానికి వెల్డర్లు రాసే పికిలింగ్ పేస్ట్‌లో ఉంటుంది. అది బోల్టుల మీద పడకుండా చూడు. ట్యాంకులు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ బాగా పలచగా, చల్లగా ఉన్నంతవరకు ఫర్వాలేదు, గాఢంగా వేసి నానబెట్టకు. పొడి క్లోరిన్‌లో అయితే టైటానియం ఏకంగా మండిపోతుంది. మా మందుల ఫ్యాక్టరీల వైపు ఇంకో భయం, నీరు బొత్తిగా లేని మిథనాల్ అనే ద్రావకం. 1966లో అమెరికావాళ్ళు అపోలో నౌక టైటానియం ట్యాంకుల్ని మిథనాల్ నింపి పరీక్షిస్తే పగిలాయి. కాస్త నీరు కలిసి ఉంటే బతికిపోయేవి.

ఇంత ఖరీదెందుకు అని నీకు కోపం వస్తుంది, తెలుసు. కళింగపట్నం వైపు ఒడ్డున ఇసుకలో నల్ల చారలు చూశావు కదా, అందులో ఉండే ఇల్మెనైటే దీని ముడి ఖనిజం. మన కాళ్ళ కిందే ఉంది. అయితే ప్రపంచంలో తవ్వినదాంట్లో చాలా భాగం పెయింట్లలో తెల్లరంగుకే పోతుంది. లోహం తియ్యాలంటే ముందు క్లోరిన్‌తో టెట్రాక్లోరైడు చెయ్యాలి, తరవాత గాలి తగలకుండా ఆర్గాన్ వాయువులో మెగ్నీషియంతో కలిపి వేడి చెయ్యాలి, వచ్చిన స్పాంజిలాంటి గుల్లని మళ్ళీ శూన్యంలో కరిగించాలి. మన దేశంలో ఆ గుల్ల కేరళలో చవరలో తయారవుతుంది, మిశ్రమ లోహాలు హైదరాబాద్‌లో మిధానీ అనే ప్రభుత్వ సంస్థ చేస్తుంది. ఇన్ని చేతులు మారాక చవగ్గా ఎలా వస్తుంది?

కొనేటప్పుడు అయస్కాంతంతో పరీక్ష చెయ్యకు, 316 కూడా దానికి పెద్దగా అంటుకోదు. అదే సైజు స్టీలు బోల్టు పక్కన పెట్టి తూకం వెయ్యి, టైటానియం అయితే సగం కంటే కొంచెం ఎక్కువ తూగాలి. ఒకటి గ్రైండర్‌కి తగిలించమను, కళ్ళు చెదిరేంత తెల్లటి రవ్వలు వస్తాయి. హీట్ నంబరు (లోహం ఏ విడతలో కరిగించిందో చెప్పే నంబరు) ఉన్న టెస్ట్ సర్టిఫికెట్ లేకుండా డబ్బు చేతిలో పెట్టకు. నువ్వు కోనాడ నుంచి బయల్దేరే ముందు ఫ్లాంజిల సైజు, బోల్టు పొడవు, పిచ్ (థ్రెడ్ల మధ్య దూరం) కాగితం మీద రాసి నాకు ఫోటో పంపు. ఎన్ని కావాలో నేనే లెక్క కడతాను. వాడు చెప్పినదాంట్లో నాలుగో వంతు చాలని నా అంచనా.

అమ్మ మోకాళ్ళ సంగతి ఈసారైనా రాయి.

నీ బావ