ఆ సినిమాను తల్లులూ పిల్లలూ పక్కపక్కన కూర్చుని చూడనివ్వండి

న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలల ఛాన్సలర్ గారికి నమస్కారం.

మా అమ్మాయి ఈ నగరంలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదకొండో తరగతి చదువుతోంది. డీ రీస్ రచించి దర్శకత్వం వహించిన 'పరయా' (Pariah) చిత్రాన్ని హైస్కూళ్లలో ఒక సాయంత్రం, విద్యార్థులతో పాటు వాళ్ల తల్లిదండ్రులను కూడా పిలిచి ప్రదర్శించే ఏర్పాటు చేయవలసిందిగా, ఒక తల్లిగా మిమ్మల్ని కోరుతున్నాను.

2011లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించిన ఈ స్వతంత్ర చిత్రం మన బ్రూక్లిన్ కథే. ఫోర్ట్ గ్రీన్‌లో ఉండే పదిహేడేళ్ల నల్లజాతి అమ్మాయి అలీకే కవిత్వం రాస్తుంది, చదువులో ముందుంటుంది, తన మనసు అమ్మాయిల వైపే పోతుందని ఆమెకు స్పష్టంగా తెలుసు; ఆ సంగతి ఇంట్లో చెప్పే దారే ఆమెకు లేదు. రాత్రి ఇంటికి తిరిగొచ్చే బస్సులో ఆమె టోపీ తీసేసి, పైనున్న వదులు చొక్కా విప్పేసి, చెవులకు పోగులు పెట్టుకుంటుంది. గుమ్మం చేరేలోగా అమ్మకు నచ్చే కూతురిగా మారిపోవాలి గనుక ఆ పిల్ల పడే ఆ తొందరను నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

సినిమా పేరు చూడగానే నా మనసు చివుక్కుమంది. ఆ ఇంగ్లీషు మాట తమిళనాట పరై అనే డప్పు వాయించేవారి కులం పేరు నుంచి పుట్టి, వెలికి గురైన మనిషి అనే అర్థంతో లోకమంతా తిరిగింది. వెలి అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇక్కడ ఆ వెలి ఊరి చివర లేదు, సొంత వంటింట్లోనే ఉంది.

అలా అని తల్లి ఆడ్రీని దర్శకురాలు రాక్షసిగా చూపించలేదు. పనిచేసే చోట తోటివాళ్లు దగ్గరకు రానివ్వని ఒంటరి మనిషి ఆమె. తనకు నచ్చిన దుస్తులు కొని తెచ్చి వేసుకోమని కూతుర్ని ఒత్తిడి చేయడమే ఆమెకు తెలిసిన ప్రేమ. ఆ సన్నివేశం చూస్తుంటే, వద్దన్నా వినకుండా మా అమ్మాయికి నేను కట్టించిన ఓణీ గుర్తొచ్చింది. చివరికి నిజం చెప్పిన కూతుర్ని ఆమె కొడుతుంది. ఇల్లు విడిచిన అలీకే తిరిగి కలిసి, నువ్వంటే నాకు ప్రేమ అని చెబితే, నీ కోసం ప్రార్థిస్తానని మాత్రమే అనగలుగుతుంది. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతో పిల్లలను పెంచే మా కుటుంబాల్లోని తల్లులు ఆ జవాబును తప్పక వినాలి.

ఈ చిత్రానికి 'ఆర్' రేటింగ్ ఉందని, అంటే పదిహేడేళ్లలోపు పిల్లలు థియేటర్లో పెద్దల తోడుతోనే చూడాలని, మీ అధికారులు అభ్యంతరం చెప్పవచ్చు. నేను అడుగుతున్నదీ ఆ తోడునే. 2022లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చి భద్రపరచదగినదని నిర్ణయించిన చిత్రాన్ని, అది పుట్టిన నగరంలోని పిల్లలు తలుపులు మూసుకుని ఫోన్లో దొంగచాటుగా చూడవలసిన అవసరం ఏముంది?

నిడివి గంటన్నర కూడా లేదు. తర్వాత ఒక కౌన్సెలర్ ఉండి, మాట్లాడదలచినవారితో మాట్లాడితే చాలు; ఎవరినీ లేచి చెప్పమని బలవంతం చేయవద్దు. మొదటి ప్రదర్శన ఫోర్ట్ గ్రీన్ పరిసరాల్లోని స్కూల్లో పెడితే, కుర్చీలు సర్దడానికీ, నాకు తెలిసిన తెలుగు తల్లిదండ్రులకు ఫోన్ చేసి పిలవడానికీ నేను వస్తాను. మా అమ్మాయి కూడా వస్తానంది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి, క్వీన్స్