ఆ 49ఏ సందేశం సంగతి

అమ్మలూ,

ఇంటి గ్రూపులో పిన్ని పెట్టిన సందేశం చూసి “ఇది నిజమేనా నాన్నా?” అని అడిగావు. నాకు అది పాత చుట్టమే. ఓటర్ల జాబితాలో పేరు లేకపోతే ఆధార్ చూపించి సెక్షన్ 49ఏ కింద ‘చాలెంజ్ ఓటు’ అడగాలట. మన ఓటు ఇంకెవరో వేసేస్తే ‘టెండర్ ఓటు’ అడగాలట. అలాంటివి 14 శాతం దాటితే ఆ బూత్‌లో రీపోలింగేనట! 2019లో తిరిగింది, 2024లోనూ తిరిగింది. ఎన్నికల సంఘం కాదని చెబుతూనే ఉంది, అది తిరుగుతూనే ఉంది.

అబద్ధమని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. నీకు మొన్ననే 18 నిండాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

2024 మే 13న నేను ప్రిసైడింగ్ అధికారిగా ఉన్న బూత్‌కు ఒక కుర్రాడు వచ్చాడు. హైదరాబాద్ నుంచి రాత్రంతా బస్సులో నిలబడే వచ్చాడట. మా పోలింగ్ అధికారి జాబితా రెండుసార్లు తిరగేసినా అతని పేరు కనిపించలేదు. అతను కంగారుపడలేదు. లోపలికి ఫోను తేనివ్వరని తెలిసి, ఆ సందేశం మొత్తం నోటుపుస్తకం కాగితం మీద రాసుకొచ్చాడు. ‘49ఏ’ కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాడు. వాట్సాప్‌లో ఎక్కువమంది చేతులు మారిన సందేశానికి రెండు బాణాల గుర్తు పడుతుంది, 2020 నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. కాగితానికి ఆ బాణాలూ లేవు, ఆ కట్టడీ లేదు.

ఎన్నికల నిబంధనల పుస్తకం తీసి అతనికి చూపించాను. 49ఏ ఉన్నది ఓటింగ్ యంత్రం ఎలా ఉండాలో చెప్పడానికి. చాలెంజ్ చేసేది ఓటరు కాదు, అభ్యర్థి తరఫున బూత్‌లో కూర్చునే ఏజెంటు. ‘ఈయన ఆ ఓటరు కాదు’ అని అభ్యంతరం చెప్పాలంటే ఏజెంటు రెండు రూపాయలు కట్టాలి. టెండర్ ఓటు మాత్రం నిజంగానే ఉంది, 49పీ కింద. జాబితాలో పేరుండి, ఆ ఓటు మరొకరు వేసేసినప్పుడు కాగితం బ్యాలెట్ ఇస్తారు. అది యంత్రంలోకి వెళ్లదు, విడిగా కవరులోకి వెళుతుంది. 14 శాతం అన్న మాట ఏ నిబంధనలోనూ లేదు. కుర్రాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఓటు వేయకుండానే వెళ్లిపోయాడు.

అందులో ఏ పార్టీ పేరూ లేదు, గమనించావా? పార్టీ ప్రచారమైతే పిన్ని కూడా ముక్కు విరుస్తుంది. ఇది హక్కుల గురించి చెబుతోంది కాబట్టి పుణ్యమనుకుని పంపింది. కానీ ఇలాంటిది నమ్మినవాడు నెల ముందే జాబితాలో పేరు చూసుకోడు. నామినేషన్ల గడువు ముగిశాక కొత్త పేరు చేర్చడానికి చట్టమే ఒప్పుకోదు.

ఇలాంటి సందేశాలే కాదు, మనుషుల గొంతును పోలిన నకిలీ ఆడియోల సంగతీ చెబుతాను. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందే మన దగ్గర ప్రచారం ఆగి మైకులు మూగబోతాయి, ఫోన్లు మూగబోవు. 2023లో స్లొవేకియాలో సరిగ్గా ఆ మౌన సమయం చూసుకునే, మిహాల్ షిమెచ్కా అనే నాయకుడు ఓట్ల రిగ్గింగు గురించి మాట్లాడుతున్నట్లు ఒక నకిలీ ఆడియో వదిలారు. ఆయన పార్టీ రెండో స్థానంలో నిలిచింది. దానికి ఆ ఆడియోనే కారణమని నేననను. కానీ జవాబు చెప్పుకునే వ్యవధి లేకుండా దెబ్బకొట్టడంలో ఉన్న తెలివి చూడు! చివరి రెండు రోజుల్లో వచ్చే ‘సంచలనం’ ఏదైనా నాకు అందుకే అనుమానం.

పిన్నిని గ్రూపులో అందరి ముందూ తప్పుపట్టకు, ఫోను చేసి నెమ్మదిగా చెప్పు.

ఇప్పుడు నీ ఓటు విషయం. కొత్తగా పేరు నమోదు చేసుకోవడానికి ఫారం 6 నింపాలి. హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు హాస్టల్ చిరునామాతోగానీ ఇంటి చిరునామాతోగానీ నమోదు చేసుకోవచ్చు. ఏదో ఒక్కచోటే సుమా. ఓటు పేరుతోనైనా ఇంటికి వస్తావని అమ్మ ఇక్కడే పెట్టించమంటోంది. ఈ ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పు, ఇక్కడైతే మన బూత్ జాబితా చూసుకునే బీఎల్‌ఓతో (బూత్ స్థాయి అధికారితో) నేను మాట్లాడతాను.

నాన్న