క్యూబా ప్రయాణం: మజిలీల ఎంపిక

సభ్యులందరికీ నమస్కారం. మనకున్న వ్యవధి తక్కువ కాబట్టి, సుమారు 20 కిలోమీటర్ల పొడవున తెల్లని ఇసుక పరచుకున్న వరడేరోకన్నా, దక్షిణ తీరాన ఉన్న ట్రినిడాడ్ పట్టణాన్నే (అదే పేరుగల దేశం వేరు) ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. 1514లో స్పెయిన్ వారు స్థాపించిన ఆ ఊరు, పొరుగునున్న చక్కెర మిల్లుల లోయతో కలిసి 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి సంపదంతా ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసల శ్రమఫలమే గనుక, వారి పనివేళలను చాటే గంట మోగిన మనాకా ఇస్నాగా గోపురాన్ని తప్పక దర్శించాలి. ఉదయాలు ఊరికి, సాయంత్రాలు దగ్గరలోని ఆంకోన్ తీరానికి కేటాయిద్దాం. వీధుల్లో గుండ్రాళ్లు పరచి ఉంటాయి కనుక పెద్దలు గట్టి బూట్లు తెచ్చుకోవాలి. పాత హవానాకు చివరి రెండు రోజులు ఉంచుదాం. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.