మోటార్‌హోమ్ టైర్లు: కంపెనీ పేరు కన్నా ముందు తయారీ తేదీ చెప్పే నాలుగంకెలు చూడండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో మోటార్‌హోమ్‌లు (మంచాలు, సోఫాలతో సహా ఇల్లులా అమర్చిన పెద్ద బళ్లు) వేసుకుని తిరుగుతున్న తెలుగు కుటుంబాల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. ఫొటోలు బాగున్నాయి. ఖర్చుల వివరాలు చాలామందికి పనికొస్తాయి. కానీ టైర్ల దగ్గరికి వచ్చేసరికి "మంచి కంపెనీవి వేయించుకుంటే చాలు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. సరిగ్గా అదే మాట నమ్మి మా అమ్మానాన్నలను బండిలో ఎక్కించుకుని బయల్దేరినవాణ్ని నేను. అందుకే ఈ ఉత్తరం.

మాది 40 అడుగుల డీజిల్ మోటార్‌హోమ్, 2011 మోడల్. 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నీళ్లు, సామాను, మనుషులు అందరూ ఎక్కాక 15 టన్నులు తూగుతుంది. ముందు రెండు టైర్లు, వెనక జోడు టైర్లు నాలుగు, మొత్తం ఆరు. స్టెప్నీ ఉండదు. ఈ సైజు బళ్లలో చాలావాటికి స్టెప్నీ పెట్టే చోటే ఉండదు. అమ్మినాయన టైర్లు చూపించి "దాదాపు కొత్తవే" అన్నాడు. నేనూ వంగి చూశాను. గాడుల్లో వేలు పెడితే గోరు మొత్తం దిగింది. మీటర్ మీద 38 వేల మైళ్లే ఉన్నాయి. పైగా పేరున్న కంపెనీ. ఇంకేం చూడాలి అనుకున్నాను.

2022 మే నెలాఖరు. డాలస్ నుంచి బయల్దేరి బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి వెళ్తున్నాం. నాన్న విజయవాడ ఆటోనగర్ మనిషి, ముప్పై ఏళ్లకు పైగా లారీ నడిపారు. బండి ఎక్కే ముందు ఒక రాడ్ అడిగి తీసుకుని, టైరు టైరుకీ కొట్టి చప్పుడు విన్నారు. టీ కోసం ఆపిన ప్రతిచోటా అలా కొట్టి చూడటం ఆయనకు అలవాటు. గాలి బాగానే ఉందన్నారు. నిజంగానే బాగుంది.

పడమటి టెక్సస్‌లో ఐ-10 హైవే మీద కొంత దూరం స్పీడ్ లిమిట్ 80 మైళ్లు. నేను 68 దాటలేదు. ఫోర్ట్ స్టాక్‌టన్ ఇంకా అరగంట ఉందనగా వెనక నుంచి దబ్బుమని చప్పుడు, ఆ వెంటనే నేల కింద ఎవరో రేకును చీలుస్తున్నట్టు ఒకటే మోత. అమ్మ వెనక మంచం మీద పడుకుని ఉంది. నాన్న నా పక్క సీట్లోంచి ఒకే మాట అన్నారు: "లోపలి టైరు పోయింది, బ్రేకు కొట్టకు, మెల్లగా పక్కకి తియ్యి."

దిగి చూస్తే కుడివైపు వెనక జోడులో లోపలి టైరు. పై పొర మొత్తం ఊడిపోయి, విసురుగా తిరిగి, చక్రం పైనున్న గూడును బద్దలు కొట్టింది. వాడిన నీళ్లు పోయే పైపును, రెండు కరెంటు వైర్లను తెంపేసింది. రోడ్డు మీద మా వెనక వంద గజాల పొడవునా నల్లటి పేలికలు. అమ్మ ఇంకో అడుగు అటు పక్కకి, సరిగ్గా ఆ చక్రం పైన పడుకుని ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. టైరు మార్చే బండి రావడానికి ఐదు గంటలు పట్టింది. ఆ ఎండలో అమ్మకు మోటార్‌హోమ్ నీడే దిక్కయింది.

ఆ ఐదు గంటల్లోనే నేను మొదటిసారి టైరు చదవడం నేర్చుకున్నాను. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే ఇంగ్లిషు అక్షరాల తర్వాత ఒక వరుస ఉంటుంది. దాని చివరి నాలుగంకెలే తయారీ తేదీ. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ వరుస పూర్తిగా టైరుకు ఒక పక్కనే ఉంటే సరిపోతుంది. మా టైర్లకు అది లోపలి వైపు ఉంది. బయట నిలబడి చూస్తే కనబడదు. నేలమీద వెల్లకిలా పడుకుని, రెండు టైర్ల సందులోకి ఫోను దూర్చి, టార్చ్ వేసి ఫొటో తీశాను. 4110. అంటే 2010లో 41వ వారం. కంపెనీ నుంచి బండితో పాటు వచ్చిన టైర్లే! పదకొండున్నరేళ్లవి. వాటి మీద నేను 15 టన్నులు పెట్టుకుని, కన్నవాళ్లను కూర్చోబెట్టుకుని వెళ్తున్నాను.

నాన్న ఆ ఊడిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నారు. గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి. అటు తిప్పితే ఉక్కు తీగలు దువ్వెన పళ్లలా బయటికొచ్చి, వాటి మధ్య రబ్బరు గోటితో గీకితే పొడిలా రాలింది. "టైరు అరిగి పోవాలిరా, కూర్చుని పోకూడదు" అన్నారు. వాళ్ల లారీ టైరు రోజూ పరుగులో ఉంటుంది, పాతబడే లోపే అరిగిపోతుంది. మా బండి పదకొండేళ్లలో తిరిగిన దూరం ఇక్కడి లాంగ్ రూట్ ట్రక్కులు నాలుగైదు నెలల్లో తిరిగేస్తాయి.

ఎందుకలా అవుతుందో తర్వాత తెలుసుకున్నాను. గాలిలోని ఓజోన్, ఎండ రబ్బరును తినేయకుండా తయారీలోనే కొన్ని రసాయనాలు, మైనం కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటే అవి లోపలి నుంచి పైకి వస్తూ ఒక పొరలా కాపాడతాయి. నెలల తరబడి ఒకేచోట నిలబెట్టిన బండికి ఆ నలుగుడు ఉండదు. పొర ఎండిపోతుంది, సన్నని పగుళ్లు మొదలవుతాయి. లోపల పొరల మధ్య పట్టు కూడా ఏళ్లతో పాటు సడలుతుంది. ఇది గాడుల లోతు చూస్తే తెలిసేది కాదు, రాడ్‌తో కొడితే వినబడేదీ కాదు.

ఇంటికొచ్చిన కొద్దిరోజులకే, అదే జూన్‌లో, ఇంకో వార్త చదివాను. గుడ్‌ఇయర్ కంపెనీ జీ159 అనే టైరును, 275/70ఆర్22.5 సైజువి, 1 లక్షా 73 వేలకు పైగా రీకాల్ చేసింది. 1996 నుంచి 2003 దాకా తయారైన టైర్లవి. ఊళ్లలో సరుకు చేరవేసే ట్రక్కుల కోసం చేసిన టైరు మోటార్‌హోమ్‌ల కిందికీ వచ్చింది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2017 చివర్లో విచారణ మొదలుపెట్టింది. టైరులో లోపం లేదని, గాలి తక్కువ పెట్టడం, బరువు ఎక్కువ వేయడం కారణాలని కంపెనీ వాదన. మా టైర్లు ఆ రకం కావు, ఆ కాలానివీ కావు. ఒక కంపెనీని వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. ఒక పనికి చేసిన టైరు ఇంకో పనికి సరిపోకపోవచ్చని, అది పేరును బట్టి తెలిసే సంగతి కాదని చెప్పడానికే రాస్తున్నాను.

ఇక కొత్త టైర్ల సంగతి. మా సైజు 295/80ఆర్22.5. మన హైదరాబాద్-బెంగళూరు రోడ్డు మీద తిరిగే వోల్వో బస్సులకు వేసేదీ ఈ సైజే. నేను మిషెలిన్, గుడ్‌ఇయర్, టోయో, కాంటినెంటల్ నాలుగూ పోల్చి చూశాను. మిషెలిన్‌కు మెత్తగా నడుస్తుందన్న పేరు, ధర అందరికన్నా ఎక్కువ. ఎఫ్‌ఎంసీఏ అనే మోటార్‌హోమ్ యజమానుల సంఘంలో సభ్యులైతే దాని మీద తగ్గింపు పథకం ఉంది. గుడ్‌ఇయర్ వాళ్లు జీ670 ఆర్‌వీ అని ప్రత్యేకంగా మోటార్‌హోమ్‌ల కోసమే ఒక టైరు చేస్తారు. ఎండకీ ఓజోన్‌కీ తట్టుకునేలా పక్క గోడల రబ్బరు తయారుచేశామని వాళ్ల మాట. కాంటినెంటల్ టూరిస్టు బస్సుల్లో నలిగిన పేరు. టోయో ధర వీటికన్నా తక్కువ. ఆరు టైర్లకు బిగింపు కూలీతో కలిపి లెక్కేస్తే, నాకు చెప్పిన ధరల్లో పైదానికీ కిందిదానికీ తేడా వెయ్యి డాలర్లు దాటింది.

ఈ నాలుగింటిలో దేన్నీ చెడ్డ టైరని నేను అనను. ట్రక్కుల వాళ్లు ఏ కంపెనీది ఎన్ని లక్షల మైళ్లు వచ్చిందో చెప్పుకుంటారు. ఏడాదికి నాలుగైదు వేల మైళ్లు తిరిగే మనకు ఆ లెక్కతో పని లేదు. నేను ప్రతి షాపులోనూ ఒకే ప్రశ్న అడిగాను: "మీ దగ్గరున్న టైరు ఏ వారంలో చేసింది?" ఒక షాపువాళ్లు ఆ ప్రశ్నకే విసుక్కున్నారు. లోపలికెళ్లి చూస్తే వాళ్ల స్టాక్ రెండేళ్ల నాటిది. ఏడేళ్లు వాడదామనుకునే టైరులో రెండేళ్లు షెడ్డులోనే అయిపోయాయంటే, నేను కట్టే డబ్బులో ఆ భాగం గాలికి పోయినట్టే కదా. ఇంకో చోట టోయో టైర్లు పదకొండు వారాల కిందటివి దొరికాయి. అవే తీసుకున్నాను. అవే వారానివి మిషెలిన్ దొరికి ఉంటే, అమ్మ నడుం నొప్పి దృష్ట్యా, ఆ ఎక్కువ డబ్బు పెట్టేవాణ్నేమో.

తేదీ తర్వాత చూడాల్సింది బరువు. మా టైరు మీద 152/148 అని ఉంటుంది. ఒంటరిగా వేస్తే 3,550 కిలోలు, జోడులో వేస్తే ఒక్కోటి 3,150 కిలోలు మోస్తుందని అర్థం. అయితే ఆ అంకె పూర్తి గాలి ఉన్నప్పటి మాట. బండి కొన్నప్పుడు తోటివాళ్లు "95 పెట్టు, కుదుపు ఉండదు" అన్నారు. నేను కొన్నాళ్లు అలాగే నడిపాను. కొత్త టైర్లు వేయించాక, అన్ని సామాన్లతో, నిండు నీళ్లతో, ఒక్కో చక్రాన్ని విడిగా తూచే చోటికి తీసుకెళ్లాను. ముందు ఎడమ చక్రం 2,880 కిలోలు, ముందు కుడి చక్రం 3,100. కుడి పక్క అరల్లో బియ్యం, గ్రైండర్, నీళ్ల కేసులు సర్దింది మేమే. 95 పౌండ్ల గాలికి ఆ టైరు మోయగలిగేది 3,000 కిలోల లోపే. అంటే నిండా సర్దుకుని 95తో నడిపినప్పుడల్లా ఆ ముందు టైరు మీద మోయలేనంత బరువే పెట్టాం. పేలింది వెనకది కాబట్టి బతికిపోయాం.

ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద ఇరుసు బరువు తెలుస్తుంది, ఏ పక్క ఎంతో తెలియదు. ఏమీ తూచకపోవడం కన్నా అదీ నయమే. తూచాక కంపెనీ పట్టికలో ఆ బరువుకు ఎంత గాలో చూసి, బరువెక్కువున్న చక్రం లెక్కనే ఆ ఇరుసు మీది టైర్లన్నిటికీ పెట్టాలి. నేను కొంచెం పైకే, 110 పెట్టాను. తెల్లవారి, బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూస్తాను. దారిలో వేడికి గాలి పెరిగితే తీసేయకూడదు.

గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు కార్లకు ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి. 10 వేల పౌండ్ల బరువు దాటిన బండికి ఆ నిబంధన వర్తించదు. కారుకు ఉన్న రక్షణ ఇంత పెద్ద ఇంటిబండికి లేదన్నమాట! ఆరు సెన్సర్లు కొని నేనే వాల్వులకు బిగించాను. లోపలి టైర్లకు పొడుగు వాల్వులు వేయించాల్సి వచ్చింది. మీ వ్యాసంలో సోఫాలు, టీవీల గురించి అంత రాశారు, దీని గురించి రెండు వాక్యాలు ఉంటే బాగుండేది.

ఇంకొక్కటి. ముందు టైరు పేలితే కాలు బ్రేకు మీదికి పోతుంది. పోనివ్వకూడదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాస్త యాక్సిలరేటర్ నొక్కి బండిని తిన్నగా నిలబెట్టాకే మెల్లగా వేగం తగ్గించాలి. అద్దెకు తీసుకునేవాళ్లకు తాళాలిచ్చేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరేమో అని నా భయం.

ఇదంతా అమెరికా గొడవ అనుకోవద్దు. మన దగ్గర షూటింగుల్లో రోజుల తరబడి నిలబడే కారవాన్లు ఉన్నాయి. సెలవుల్లో కదలని స్కూలు బస్సులు ఉన్నాయి. కొవిడ్ లాక్‌డౌన్‌లో నెలలపాటు షెడ్లలో ఉండిపోయిన ట్రావెల్స్ బస్సుల సంగతీ గుర్తు చేసుకోండి. అక్కడి టైర్ల మీద కూడా ఆ నాలుగంకెలు ఉంటాయి. ఐదేళ్లు దాటాక ఏటా తెలిసినవాళ్లతో పరీక్ష చేయించమని, పైకి బాగున్నా పదేళ్లకు తీసేయమని మిషెలిన్ చెబుతుంది. ఎండలో నిలబడే బండికి నేను పదేళ్లు ఆగను, ఏడుకే మార్చేస్తాను.

నాన్న ఇప్పుడు విజయవాడలోనే ఉంటున్నారు. మేం ప్రయాణం పెట్టుకున్న రోజు పొద్దున్నే వీడియో కాల్ చేసి ఆరు టైర్ల గాలి ఎంతుందో వరసగా చదివించుకుంటారు.

మీరు మోటార్‌హోమ్‌ల మీద మళ్లీ రాసేటప్పుడు ఆ అంకెల ఫొటో ఒకటి పెద్దగా వేయండి. ఇంగ్లిషు చదవలేని పెద్దవాళ్లు కూడా ఆ నాలుగంకెలు గుర్తుపట్టగలరు. వీలుగా ఉంటుందని మా టైరు ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. 1422 అని స్పష్టంగా కనబడుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
డాలస్, టెక్సస్